పేరు పండగ లేని మనిషి

వీధి తలుపు తెరుచుకోలేదు. అర్గిరో చేత్తో తోసింది, భుజం ఆనించి తోసింది. ఫిబ్రవరి తేమకి చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయింది. పొద్దుటి నుంచీ పోలీసులు, డాక్టరు, చివరికి శవం కూడా వంటింటి గుమ్మం లోంచే తిరిగారు. అతిథి వచ్చే దారిలో ఒకసారి లోపలికి రావాలని ఆమె ఒక్కతే ఇల్లు చుట్టి ఇటు వచ్చింది.

"జరుగమ్మాయ్," అన్నాడు వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ కోస్మాస్ జెర్వాకోస్.

గడియ పట్టుకుని తలుపును కాస్త పైకెత్తి, కింద మోకాలితో ఒక్కటి తగిలించాడు. తలుపు లోపలికి వెళ్ళింది. చేతులు దులుపుకుని ముందు నడిచాడు.

కోస్మాస్ జిల్లా కేంద్రం నుంచి వచ్చినవాడు, చాలాకాలం దొంగ తవ్వకాల కేసులు చూసినవాడు. అనెమోరాహి అనే ఈ కొండ ఊరు ఎక్కడుందో పొద్దున కాఫీ కొట్టు దగ్గర అడిగి తెలుసుకున్నానని, ఇటువైపు రావడం ఇదే మొదటిసారని వస్తూనే చెప్పాడు. ఊరి ఠాణా అర్గిరోది. ఆమె కూడా ఇక్కడికి బదిలీ అయి వచ్చింది మొన్న శరదృతువులోనే. హత్య కేసు కాబట్టి పెత్తనం ఆయనది.

గదిలో పొయ్యి చల్లారిపోయింది. పొయ్యి ముందు రాతి నేల మీద నెత్తురు మరక ఎండి నల్లబడింది. పెరియాండ్రోస్ మాస్టారు అక్కడే పడి ఉన్నాడు. నిప్పులు కదిపే ఇనుప ఊచతో తల వెనక కొట్టారు. ఊచను శుభ్రంగా తుడిచి మళ్ళీ దాని కొక్కేనికే తగిలించారు.

మాస్టారు బడి నుంచి రిటైరయ్యాక ఒక్కటే పని పెట్టుకున్నాడు. పక్క కొండ మీద డెల్ఫీ గుడి ఉండేది. పూర్వం ఏడుగురు జ్ఞానులు చెప్పిన మాటలు ఆ గుడి గోడ మీద చెక్కి ఉండేవంటారు. రెండు మూడు పదాలకు మించని ఆ పాత మాటలను ఇవాళ్టి మనుషులు మాట్లాడుకునే భాషలోకి తేవడం ఆయన పని. ఒక్కో మాటకి నెలలు పట్టేవి. పూచీ ఉండటం గురించిన ఒక మాటనైతే, అది అప్పుకి పూచీయా, పెళ్ళికి పూచీయా, గట్టిగా ఒట్టేసి చెప్పడమా అని రెండు చలికాలాలు తేల్చుకోలేకపోయాడట. సాయం చేయడానికి మిర్సినీ రోజూ వచ్చేది. ఆయన దగ్గరే చదువుకుని, అక్కడే పాత భాష నేర్చుకున్న పిల్ల. పొద్దున శవాన్ని చూసి ఠాణాకి పరుగెత్తి వచ్చింది ఆమే. ఇప్పుడు ఆ ఠాణాలోనే బెంచీ మీద బేడీలతో కూర్చుని ఉంది. మధ్యాహ్నం లోపు కోస్మాస్ ఆమెను కిందికి తీసుకెళ్ళి ప్రాసిక్యూటర్ ముందు నిలబెడతాడు. నిలబెడితే విచారణ అయ్యేదాకా జైలే.

అర్గిరో గదంతా నెమ్మదిగా చూసింది. గోడకి దేవుడి పటం, దాని ముందు నూనె దీపం. దీపం ఇంకా వెలుగుతోంది. మాస్టారికి భక్తి లేదు. భార్య పోయాక ఆమె వెలిగించే దీపాన్ని ఆయన రోజూ చీకటి పడే వేళకి వెలిగించేవాడని పక్కింటామె చెప్పింది.

"ఈ దీపంలో నూనె సగానికి పైనే ఉంది," అంది అర్గిరో. "నిన్న చీకటి పడ్డాక పోసింది. అంటే అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. పక్కింటామె గొడవ విన్నది మధ్యాహ్నం భోజనాలయ్యాక కదా."

"ఆ పిల్ల మళ్ళీ వచ్చి ఉంటుంది."

"రావచ్చు."

"అనువాదం మీద ఎవరి పేరు వెయ్యాలని కొట్టుకున్నారు. ఊళ్ళో పాలరాతి పలకల మీద చెక్కిస్తున్నారుగా ఈ మాటలు. ముసలాయన తన పేరొక్కటే వేయించుకుంటానన్నాడు. పిల్లకి మండింది. ఏడుగురు జ్ఞానులు నీతులు చెప్పారు, వాటి కోసం ఇద్దరు తలలు పగలగొట్టుకున్నారు." కోస్మాస్ నవ్వాడు. "ఇందులో కష్టమేముందమ్మాయ్?"

అర్గిరో గోడకి ఆనించిన నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది. మాస్టారు బడి వదిలినా బల్లను వదల్లేదు. ఆ వారం పట్టుకున్న మాటను దాని మీద సుద్దతో పాత భాషలో ఒక వరుస, కొత్త భాషలో ఒక వరుస రాసుకునేవాడు. ఇప్పుడు బల్ల మీద ఏమీ లేదు. పైనుంచి కిందికి తెల్లటి చారలు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. పక్కన మేకుకి గొర్రెతోలు ముక్క వేలాడుతోంది. వేలితో తాకి చూసింది. పొడిగా, సుద్ద పొడి నిండి ఉంది.

"దీన్ని తడిగుడ్డతో తుడిచారు," అంది. "మాస్టారు ఎప్పుడూ తోలుతోనే తుడుస్తాడు. తడి తగిలితే బల్ల పాడవుతుంది."

"నెత్తురు పడి ఉంటుంది. తుడిచింది."

"పొయ్యికీ బల్లకీ మధ్య ఇంత దూరం ఉంది."

"చూడు." కోస్మాస్ గొంతు తగ్గించాడు. "మీ అమ్మ పోయి నలభై రోజులేగా అయింది. మొన్న ఆదివారమేగా కార్యం చేశారు. ఇంటికెళ్ళి పడుకో. మనసు బాగోలేనప్పుడు బల్ల మీద చార కూడా దెయ్యంలా కనిపిస్తుంది."

"మనసు బాగానే ఉంది సార్. ఏమీ అనిపించడం లేదు, అంతే."

అది నిజం. అమ్మను పూడ్చిన రోజు నుంచి ఆమెకు తిండి రుచి తెలియడం లేదు, చలి కూడా సరిగా తెలియడం లేదు. నల్లబట్టలు చూసి మనుషులు నాలుగు మంచి మాటలు చెబుతున్నారు, ఆమె తలూపుతోంది. కార్యంలో ఉడికించిన గోధుమలు పంచుతున్నప్పుడు కూడా తన చేతులు వేరెవరివో అన్నట్టు చూస్తూ నిలబడింది. ఈ గదిలో నెత్తురు మరక కూడా ఆమెకు మరకలాగే కనిపిస్తోంది.

బల్ల పక్కన మేజా మీద మిఠాయి పెట్టె ఉంది. నీలం రిబ్బను కట్టి, ముడిలో తులసి రెమ్మ దోపి ఉంది. ఎవరూ విప్పలేదు. ఎవరు తెచ్చారని అడిగింది.

"ఆ పిల్లే తెచ్చి ఉంటుంది," అన్నాడు కోస్మాస్, గడియారం చూసుకుంటూ. "పాపం, పేరు పండగ పూటే పోయాడు ముసలాయన."

తన పేరున్న సెయింటు రోజున ఎవరైనా చేసుకునే పేరు పండగకి మిఠాయి తేవడం మామూలే. అర్గిరో తలూపి బయటికి నడిచింది.

*

ఠాణాలో మిర్సినీ చలికి వణుకుతోంది. కోస్మాస్ కాఫీకి వెళ్ళాడు. కాఫీ తాగేంత సేపు మాట్లాడుకోమన్నాడు, దానం చేసినట్టు. అర్గిరో బేడీలు విప్పి, తన శాలువా ఆమె భుజాల మీద వేసి ఎదురుగా కూర్చుంది.

నిన్న గొడవపడ్డామని మిర్సినీ ఒప్పుకుంది. పేర్ల గురించి మాత్రం కాదు. మాస్టారు వారం రోజులుగా ఒక కొత్త మాట మీద పని చేస్తున్నాడు. అలాంటి మాట ఏ పట్టీలోనూ లేదు. ఆమె దొరికినవన్నీ వెతికింది, ఎక్కడా లేదు. పాత రాతి మీద తడి కాగితం పరిచి, కుచ్చు బ్రష్షుతో కొట్టి తీసిన అచ్చు అది. అక్షరాలు ఉబ్బెత్తుగా వచ్చి ఉన్నాయి. అంటే ఎక్కడో ఒక అసలైన రాయి ఉంది, దాని సంగతి ఎవరికీ తెలియదు. ఆ రాయి ఎక్కడిదని ఆమె అడిగింది. ఆయన చెప్పనన్నాడు.

"ఎందుకు చెప్పనన్నాడు?"

"మాటిచ్చాడట. తమ్ముడు తెచ్చాడు, తమ్ముడికి మాటిచ్చాను అన్నాడు."

"మాస్టారికి తమ్ముడున్నాడా?"

"లేడు మేడమ్. ఒక్కడే కొడుకు. అదే అన్నాను నేను, ముసలితనంలో తమ్ముళ్ళు పుట్టుకొస్తున్నారా మాస్టారూ అని. ఆయనకి కోపం వచ్చింది." మిర్సినీ కళ్ళు తుడుచుకుంది. "దొంగతనంగా తవ్విన రాయి అయితే మ్యూజియంకి చెప్పాలని నేను. ఇంకో రెండు రోజులు ఆగమని ఆయన. అదీ గొడవ."

"ఆ మాటకి అర్థమేమిటి?"

మనకి దగ్గరివాడు చేసిన తప్పును మనం దాచిపెడితే ఆ తప్పు మనదే అవుతుందని దాని భావమని మిర్సినీ చెప్పింది. తను అలాగే సూటిగా రాసింది. మాస్టారు మాత్రం దాన్ని మెత్తబరిచాడు. అయినవాళ్ళతో ఓర్పుగా ఉండమన్నట్టు తిప్పి రాశాడు. జీవితంలో మొదటిసారి ఆయన అనువాదం తప్పుగా చేయడం చూశానంది.

"మెత్తగా చేస్తే అర్థం చచ్చిపోతుంది మాస్టారూ, మీరే కదా నేర్పింది అని అరిచేసి వచ్చేశాను. సాయంత్రం గుడి గంట కొట్టకముందే ఇంట్లో ఉన్నాను. పొద్దున గుడిలో కొవ్వొత్తుల పండగ కదా, ఒక కొవ్వొత్తి ఇచ్చి, తప్పయిపోయిందని చెబుదామని వెళ్ళాను. అప్పటికి పడిపోయి ఉన్నాడు. బల్ల తుడిచేసి ఉంది, కాగితం అచ్చు కూడా లేదు."

"ఇదంతా కోస్మాస్ గారికి చెప్పావా?"

"చెప్పాను. తమ్ముడి సంగతి, రాయి సంగతి, అన్నీ. అక్కడికి రాగానే పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట నీకు కంఠతా వచ్చా అని అడిగాడు. వచ్చన్నాను."

అర్గిరో తర్వాత మిఠాయి పెట్టె గురించి అడిగింది. మిర్సినీ వింతగా చూసింది.

"నేనెందుకు తెస్తాను? ఆయనకి పండగ ఎండాకాలంలో."

"నిన్న పేరు పండగ కాదా?"

"నిన్న సెయింట్ త్రిఫోన్ రోజు మేడమ్. పెరియాండ్రోస్ అని సెయింటు ఎవరూ లేడుగా. ఆ పేరు ఏడుగురు జ్ఞానుల్లో ఒకాయనది, క్రీస్తుకి ముందటివాడిది. సెయింటు లేని పేరున్నవాళ్ళంతా ఏం చేస్తారు? సకల పరిశుద్ధుల ఆదివారం నాడు చేసుకుంటారు. మాస్టారూ అంతే. జూన్‌లో ఆ రోజు తలుపులు తెరిచి ఊరందరికీ సీమదానిమ్మ పాకం పెడతాడు. మీరు కొత్త కాబట్టి తెలీదు. ఊళ్ళో పిల్లిని అడిగినా చెబుతుంది."

బయట కోస్మాస్ బూట్ల చప్పుడైంది. లోపలికి వచ్చి, విప్పిన బేడీలు చూసి, తనే మళ్ళీ వేశాడు. శాలువా మాత్రం తీయలేదు.

*

గుడిలో ప్రార్థన అయిపోయింది. ఊరి ఫాదరు పాపా ఫోటిస్, కొవ్వొత్తులు గుచ్చే ఇసుక పళ్ళెంలో నుంచి కరిగిన మైనం గోకుతూ పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటినవాడు. అర్గిరో వంగి చెయ్యి ముద్దుపెట్టుకుంది. ఆయన ఆమె నల్లబట్టలు చూసి, దేవుడు నీకు ఆయుష్షివ్వాలి తల్లీ అన్నాడు. ఆమె తలూపింది.

పెరియాండ్రోస్ మాస్టారికి నిన్నటి రోజుతో ఏమైనా సంబంధం ఉందా అని అడిగింది.

ఆయన గోకడం ఆపాడు.

"అది నీకెవరు చెప్పారు?"

"మిఠాయి పెట్టె."

పాపా ఫోటిస్ కాసేపు మైనం వేళ్ళ మధ్య నలిపాడు. మాస్టారు పోయాడు కాబట్టి ఇక దాచాల్సిందేమీ లేదని తనకు తనే చెప్పుకున్నట్టు అని, మొదలుపెట్టాడు. మాస్టారి తండ్రి కూడా బడిపంతులే. పిచ్చి పంతులు. కొడుక్కి జ్ఞాని పేరు పెట్టి తీరతానన్నాడు. పెట్టక పెట్టక, ఏడుగురిలో కాస్త దుర్మార్గుడని పేరు పడ్డవాడి పేరు ఎంచాడు. అప్పటి ఫాదరు కఠినుడు. అన్యదేవతల కాలం నాటి పేరుతో పిల్లాణ్ణి బాప్తిస్మం నీళ్ళలో ముంచనన్నాడు.

"ఇప్పుడైతే మేమెవరం పట్టించుకోం. అప్పుడు పట్టింపు. నేను కొవ్వొత్తి పట్టుకునే కుర్రాణ్ణి. చన్నీళ్ళలో పిల్లాడు ఏడుస్తున్నాడు, పెద్దవాళ్ళు పోట్లాడుకుంటున్నారు. నీకు తెలుసుగా, పేరు పలికే హక్కు బాప్తిస్మంలో పిల్లాడికి పూచీ ఉండే జ్ఞానతండ్రిది. కన్నవాళ్ళు గుడి బయటే ఉండాలి, పేరేదో పిల్లలు పరుగెత్తుకెళ్ళి చెప్పాలి. ఆ జ్ఞానతండ్రి తెలివైనవాడు. ఫాదరు చెవిలో త్రిఫోన్ అన్నాడు. ముంచేశారు. తర్వాత నా చేతిలో ఒక నాణెం పెట్టి, బయటికెళ్ళి పెరియాండ్రోస్ అని అరవరా అన్నాడు. అరిచాను." ముసలాయన చిన్నగా నవ్వాడు. "పంతులు నన్ను ఎత్తుకుని తిప్పాడు. చచ్చేదాకా తెలీదు ఆయనకి."

"మాస్టారికి తెలుసా?"

"పెద్దయ్యాక జ్ఞానతండ్రే చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏటా ఈ రోజున ఒక మిఠాయి పెట్టె తెచ్చేవాడు, గుట్టుగా, చీకటి పడే వేళకి. ఆయన పోయాక కొడుకు తెస్తున్నాడని మాస్టారు నాతో ఒకసారి అన్నాడు. కొడుకంటే మరి తమ్ముడే కదా తల్లీ. బాప్తిస్మం నూనెతో కలిసిన వరస. సొంత తమ్ముడికైనా ఎదురు చెప్పొచ్చు గానీ ఆ వరసకి చెప్పలేం."

తమ్ముడు. అర్గిరో గోడ పట్టుకుంది, రాయి చల్లగా ఉందో లేదో తెలియలేదు.

"ఈ పేరు సంగతి ఇంకెవరికి తెలుసు ఫాదర్?"

"ఇంకెవరికి? పాత ఫాదరు పోయాడు. నేనున్నాను. ఆ ఇంటివాళ్ళున్నారు."

"ఆ జ్ఞానతండ్రి పేరు?"

"అప్పట్లో మన ఠాణాలో జవాను. దక్షిణాది మనిషి, ఇంత మీసం. జెర్వాకోస్ అనేవాళ్ళు."

మైనం గోకుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది. అర్గిరో నిలబడే ఉంది. కోస్మాస్ ఇంటిపేరు అదే. మొదటిసారి వచ్చానన్నవాడు ఆ తలుపును పైకెత్తి మోకాలితో తన్నాడు. ఊరంతటికీ జూన్‌లో ఉన్న పండగను ఆయన ఫిబ్రవరి ఒకటినే పండగ అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ రోజున మిఠాయి తెచ్చిన మనిషికి ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. దొంగ తవ్వకాల రాళ్ళు పట్టుకునే పని కూడా జిల్లాలో చాలాకాలం ఆయన చేతిలోనే ఉండేది. పట్టుకున్న రాయి ఒకటి అప్పజెప్పకుండా అట్టిపెట్టుకుంటే, అదేమిటో చదివించుకోవడానికి, ఇచ్చిన మాట తప్పని అన్నయ్య ఒకడున్నాడు. నిన్న సాయంత్రం పండగకి వచ్చినప్పుడు ఆ అన్న బల్ల మీద ఏం రాసి చూపించి ఉంటాడో ఇప్పుడు తెలుస్తూనే ఉంది. మెత్తబరిచిన మాటను చెరిపేసి, మిర్సినీ చెప్పిన అనువాదాన్నే రాసి ఉంటాడు. రేపు మ్యూజియంకి తెలియజేస్తానని చెప్పి ఉంటాడు. పెట్టె విప్పకపోవడానికీ, తమ్ముడు ఊచ అందుకుని, తర్వాత బల్ల తుడవడానికీ కారణం అది.

రాయి ఏం చెబుతుందో కంఠతా వచ్చిన మనిషి ఇప్పుడిక ఒక్కతే ఉంది.

ఆమె గుడి మెట్ల మీదికి వచ్చి ఠాణాకి ఫోన్ చేసింది. కానిస్టేబుల్ లాంబిస్ తీశాడు.

"వాళ్ళు వెళ్ళిపోయారు మేడమ్. సారు నన్ను రావద్దన్నారు, ఒక్కరే తీసుకెళ్ళారు. కింది రోడ్డు మంచుకి మూసేశారట, పాత రాతిగని మీదుగా పోతానన్నారు."

"రోడ్డు మూశారా?"

"ఎక్కడ మేడమ్. ఇప్పుడే పాలబండి వచ్చింది కింద నుంచి."

రాతిగని దారిలో ఇళ్ళు లేవు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ప్రాసిక్యూటర్‌కే నేరుగా ఫోన్ చేసి తన పేరు చెప్పమని, గని దారి కింది కొసన బండి పెట్టించమని లాంబిస్‌కి చెప్పింది. కారెక్కి, తాళం తిప్పి, అప్పుడు కోస్మాస్‌కి ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది.

"ఏంటమ్మాయ్?"

"మీరన్నదే నిజం సార్," అంది అర్గిరో. "మిఠాయి ఆ పిల్లే తెచ్చింది. కొట్టువాడు గుర్తుపట్టాడు."

నలభై రోజులుగా ఆ గొంతులో ఏమీ లేదు. ఇప్పుడూ ఏమీ లేదు. వింటున్నవాడికి అందులో దొరికేదేమీ లేదు.

"చెప్పానుగా."

"వాంగ్మూలం మీద ఆ పిల్ల సంతకం లేదు సార్. మీరు వేయించడం మరిచిపోయారు. అది లేకపోతే ప్రాసిక్యూటర్ కాగితాలు తిప్పి పంపుతాడు, మీకే మాటొస్తుంది. ఎక్కడున్నారో చెబితే తెచ్చేస్తాను. సంతకానికి ఆ పిల్ల కావాలిగా."

అవతల ఇంజను ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత గాలి. ఆ గాలిలో, దూరంగా, ఒక ఆడగొంతు ఏదో అడిగింది. ఏమడిగిందో తెలియలేదు. అడిగింది, అంతే చాలు.

"గని దగ్గర," అన్నాడు కోస్మాస్ చివరికి. "ఒక్కదానివే వస్తున్నావా?"

"ఒక్కదాన్నే సార్. ఇంకెవరున్నారు నాకు?"

"సరే, కూర్చుంటాం. త్వరగా రా. మంచు మొదలైంది."

ఫోన్ పక్క సీట్లో పెట్టి ఆమె బండిని కొండ దారికి తిప్పింది. అద్దం మీద మంచు రాలుతోంది. మొదటి మలుపు దగ్గర తన చేతుల వైపు చూసుకుంది. స్టీరింగు మీద ఉన్నవి తన చేతులే. చలి తెలుస్తోంది.